నడుస్తున్న ప్రోగ్రామును ప్రశ్నించే విద్య: డిబగ్గరు ఆర్గ్యుమెంట్లను అందించే విధానం

ఉపోద్ఘాతం

మానవుడు నిర్మించిన యంత్రాలలో కంప్యూటరు ఒక విషయంలో విలక్షణమైనది. బండి ఇరుసు విరిగితే కంటికి కనబడుతుంది. బావి మీది మోటారు కాలితే వాసన వస్తుంది. మగ్గం మీద పోగు తెగితే నేతగాని వేలికి తెలుస్తుంది. ప్రోగ్రాములోని దోషం మాత్రం కంటికి ఆనదు, చెవికి వినబడదు. ఫలితం తప్పు వచ్చినప్పుడో, యంత్రం హఠాత్తుగా ఆగిపోయినప్పుడో మాత్రమే లోపల ఏదో చెడినదని మనకు తెలుస్తుంది. ఆ చెడినది ఏదో కనుగొనడానికి ప్రోగ్రామును నడుస్తుండగానే నిలిపి ప్రశ్నించవలసి వుంటుంది. అట్లు ప్రశ్నించే సాధనమే డిబగ్గరు.

ఈ విషయం తెలుగువారికి ఎంత సన్నిహితమైనదో ఒక్క ఉదంతం వల్ల తేటతెల్లమవుతుంది. 2018 ఫిబ్రవరి మాసంలో ఆపిల్ సంస్థ వారి ఐఫోనులకు ఒక వింత వ్యాధి సోకింది. తెలుగులోని "జ్ఞా" అనే అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వున్న సందేశం వచ్చినంతనే సందేశాలను చూపే ప్రోగ్రాము ఆగిపోయేది. తిరిగి తెరిస్తే తిరిగి ఆగిపోయేది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని సంయుక్తాక్షరాలకు కూడా ఇదే గుణం వున్నదని పిదప తేలింది. ఆపిల్ వారు ఫిబ్రవరి 19వ తేదీన ఐ.ఓ.ఎస్. 11.2.6 అనే సవరణను విడుదల చేసి ఆ దోషాన్ని తొలగించారు. జ్ఞానం అనే మాటకు మొదటి అక్షరమైన "జ్ఞా" ప్రపంచమంతటా ఫోనులను నిలిపివేయడం విధి వైచిత్రి. ఇటువంటి దోషాన్ని వెదకేవాడు ముందుగా అడగవలసిన ప్రశ్న: ఈ ప్రోగ్రాము చేతిలో నిజంగా ఏ అక్షరాలు వున్నవి? ఎన్ని బైట్లు వున్నవి? ఈ ప్రశ్న ఎట్లా అడగాలో, అడిగినప్పుడు యంత్రంలో ఏమి జరుగుతుందో వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

డిబగ్గరు అనగానేమి?

"బగ్" అనగా పురుగు. యంత్రదోషానికి ఆ పేరు ఇంజనీర్ల వాడుకలో పూర్వం నుండే వున్నది. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 కంప్యూటరులో నిజంగానే ఒక చిమ్మెట పురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకంలో అంటించారు. నాటి నుండి ఆ మాటకు మరింత ప్రచారం కలిగింది. దోషాన్ని తీసివేయడం డిబగ్గింగ్. అందుకు తోడ్పడే ప్రోగ్రాము డిబగ్గరు. నేడు విద్యార్థులకు ఉచితంగా లభించే డిబగ్గర్లలో సుప్రసిద్ధమైనది జి.డి.బి. దీనిని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రచించారు. అప్పటి నుండి అనేకుల చేతుల మీదుగా అది పెరుగుతూ వచ్చింది.

డిబగ్గరు తానొక ప్రోగ్రాము. అది పరిశీలించేది మరొక ప్రోగ్రాము. రెండింటి మెమొరీ వేర్వేరు. ఒకదాని ఇంటిలోనికి మరొకటి నేరుగా చొరబడరాదు. ఐతే లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలు డిబగ్గరుకు ఒక అధికారాన్ని ఇస్తాయి. "పి-ట్రేస్" అనే సదుపాయం ద్వారా అది రెండవ ప్రోగ్రామును నిలుపవచ్చు, దాని మెమొరీని చదువవచ్చు, వ్రాయవచ్చు, దాని రిజిస్టర్ల విలువలను తెలుసుకొనవచ్చు, మార్చవచ్చు, తిరిగి నడిపించవచ్చు. డిబగ్గరు చేసే చమత్కారాలన్నీ ఈ కొద్ది అధికారాల నుండి పుట్టినవే.

నిలిచివున్న ప్రోగ్రాములోని చలరాశి విలువను చూడడం సులభం. మెమొరీలో ఆ చోటును చదివితే చాలు. కాని కొన్ని ప్రశ్నలకు జవాబు ఎక్కడా వ్రాసి వుండదు, లెక్కకట్టవలసి వుంటుంది. ఆ లెక్క కట్టగల ప్రమేయం ప్రోగ్రాములోనే వున్నప్పుడు, దానినే పిలిచి అడగడం ఉత్తమం. ఉదాహరణకు ఒక మాటలో ఎన్ని బైట్లున్నవో చెప్పే "స్ట్రెలెన్" అనే ప్రమేయం సి భాష ప్రోగ్రాములన్నింటికీ అందుబాటులో వుంటుంది. జి.డి.బి.లో "ప్రింట్" అనే ఆజ్ఞ తరువాత ఆ ప్రమేయం పేరును, కుండలీకరణాలలో మాటను వ్రాస్తే, డిబగ్గరు తాను లెక్కించదు. నిలిచివున్న ప్రోగ్రాము చేతనే లెక్కింపజేసి జవాబు తెస్తుంది. అసలు కిటుకు ఇక్కడనే వున్నది.

పిలుపు ఒడంబడిక

ఇంటర్మీడియట్ గణితంలో ప్రమేయం అనే మాటను మనమందరమూ చదివినవారమే. సి భాషలోని ఫంక్షను అటువంటిదే. దానికి మనమిచ్చే విలువలను ఆర్గ్యుమెంట్లు అంటారు. కాగితం మీద వాటిని కుండలీకరణాలలో వ్రాస్తాము. యంత్రంలో కుండలీకరణాలు లేవు. ప్రాసెసరుకు వున్నవి రిజిస్టర్లు, మెమొరీ మాత్రమే. కనుక మొదటి ఆర్గ్యుమెంటు ఎక్కడ వుండాలి, రెండవది ఎక్కడ వుండాలి, ఫలితం ఎక్కడ లభించాలి అనే విషయాలలో పిలిచేవానికీ, పిలువబడే ప్రమేయానికీ ముందుగానే ఒక ఒప్పందం వుండి తీరాలి. దానిని పిలుపు ఒడంబడిక అనవచ్చును.

దీనిని మన కచేరీల పద్ధతితో పోల్చవచ్చు. ఒక కార్యాలయంలో ఆరు కిటికీలున్నవనుకొందాం. మొదటి కాగితాన్ని మొదటి కిటికీలో, రెండవ దానిని రెండవ కిటికీలో ఇవ్వాలి. లోపలి గుమాస్తా "ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు" అని అడగడు. మొదటి కిటికీలో ఏ కాగితం వుంటే అదే మొదటి కాగితమని తీసుకొంటాడు. నిన్నటి చిత్తుకాగితం వున్నా దానినే తీసుకొని పని కానిస్తాడు. ప్రమేయం సరిగా అట్టి గుమాస్తా వంటిది.

ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థల 64 బిట్ల ప్రాసెసర్ల మీద లినక్స్ పాటించే ఒడంబడిక ఇది: పూర్ణాంకాలు, మెమొరీ చిరునామాలు ఐనచో మొదటి ఆరు ఆర్గ్యుమెంట్లు వరుసగా ఆర్.డి.ఐ., ఆర్.ఎస్.ఐ., ఆర్.డి.ఎక్స్., ఆర్.సి.ఎక్స్., ఆర్ 8, ఆర్ 9 అనే రిజిస్టర్లలో వుండాలి. దశాంశ సంఖ్యలు ఐనచో ఎక్స్.ఎం.ఎం. 0 నుండి 7 వరకు గల ఎనిమిది వేరే రిజిస్టర్లలో వుండాలి. చోటు చాలని మిగిలిన ఆర్గ్యుమెంట్లు స్టాక్ అనబడే మెమొరీ దొంతర మీద వుండాలి. ఫలితం పూర్ణాంకమైతే ఆర్.ఎ.ఎక్స్.లోను, దశాంశ సంఖ్య ఐతే ఎక్స్.ఎం.ఎం. 0లోను లభిస్తుంది.

ఉదాహరణకు పదవ తరగతి మార్కులను కూడే "మొత్తం" అనే ప్రమేయాన్ని ఒక విద్యార్థి వ్రాశాడనుకొందాం. మూడు భాషలు, గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం కలిసి ఆరు సబ్జెక్టులు. ఆరు మార్కులకు ఆరు రిజిస్టర్లు సరిగ్గా సరిపోతాయి. హాల్ టికెట్టు నెంబరును ఏడవ ఆర్గ్యుమెంటుగా చేర్చితే అది స్టాక్ మీదికి వెళుతుంది. అదే ప్రోగ్రామును 64 బిట్ల విండోస్ కొరకు తయారుచేస్తే ఒడంబడిక మారుతుంది. అక్కడ రిజిస్టర్లలో వెళ్ళేవి మొదటి నాలుగు మాత్రమే. నేటి ఫోనులలో వుండే 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసరు మీద ఎనిమిది వరకు రిజిస్టర్లలోనే వెళతాయి. పాత 32 బిట్ల ఇంటెల్ యంత్రాల మీద సి ప్రమేయాల ఆర్గ్యుమెంట్లు మామూలుగా అన్నీ స్టాక్ మీదనే, చివరిది ముందుగా పేర్చబడేవి.

సాధారణంగా ఈ ఏర్పాట్లన్నీ కంపైలరు చూసుకొంటుంది. ప్రోగ్రామరుకు వీటి ఊసే పట్టదు. కాని డిబగ్గరులో మనం పిలుపును టైపు చేసే సమయానికి కంపైలరు తన పని ముగించి ఎప్పుడో వెళ్ళిపోయింది. మనం అడిగే పిలుపు ఆ ప్రోగ్రాములో ఎక్కడా లేదు. కనుక కంపైలరు చేయవలసిన పనినంతా డిబగ్గరు తన చేతులతో తాను చేయవలసి వస్తుంది.

డిబగ్గరు చేసే పని: అంచెలు

(1) భద్రపరచడం: ప్రోగ్రాము ఎక్కడ నిలిచి వున్నదో అక్కడి రిజిస్టర్లన్నింటి విలువలను డిబగ్గరు ముందుగా తనవద్ద నకలు తీసి వుంచుకొంటుంది. పని ముగిసిన పిమ్మట ప్రోగ్రాము తానెక్కడున్నదో అక్కడి నుండియే సాగవలె గదా!

(2) స్టాక్ మీద చోటు చూడడం: స్టాక్ పై చిరునామాల నుండి క్రింది చిరునామాలకు పెరుగుతుంది. పైన చెప్పిన లినక్స్ ఒడంబడిక ప్రకారం, ఇతర ప్రమేయాలను పిలువని ఒక చిన్న ప్రమేయం స్టాక్ గుర్తుకు దిగువన 128 బైట్ల వరకు ఎవరికీ చెప్పకుండానే వాడుకొనవచ్చు. దీనిని ఎర్రగీత ప్రాంతమని పిలువవచ్చు. డిబగ్గరు దానిని తాకరాదు. కనుక ఆ 128 బైట్లను విడిచిపెట్టి అంతకు దిగువన తన పని ప్రారంభిస్తుంది. అంతేగాక పిలుపు సమయానికి స్టాక్ చిరునామా 16చే నిశ్శేషంగా భాగింపబడాలి. ఆ నియమం తప్పితే కొన్ని యంత్రాదేశాలు ప్రోగ్రామును అక్కడికక్కడే కూలుస్తాయి.

(3) తిరిగివచ్చే దారిని ఏర్పరచడం: ప్రమేయం పని ముగించి తాను ఎవరివద్దకు పోవాలో ఆ చిరునామాను స్టాక్ మీద చూసుకొంటుంది. ఇక్కడ పిలిచినవాడు ప్రోగ్రాములో లేడు. అందుచేత డిబగ్గరు ఒక చోటును ఎన్నుకొని, అక్కడ బ్రేక్ పాయింటును నాటి, ఆ చిరునామానే తిరుగు చిరునామాగా ఇస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ల మీద బ్రేక్ పాయింటు అనగా 204 విలువగల ఒక్క బైటు ఆదేశం. దానిని తాకగానే ప్రోగ్రాము నిలిచి అదుపు డిబగ్గరుకు వస్తుంది.

(4) ఆర్గ్యుమెంట్ల రూపాన్ని సరిదిద్దడం: ప్రమేయం ఎటువంటి ఆర్గ్యుమెంట్లను కోరుతుందో డిబగ్గింగు సమాచారంలో వ్రాసి వుంటే, మనమిచ్చిన విలువలను డిబగ్గరు ఆయా రూపాలకు మార్చుతుంది. దశాంశ సంఖ్యను కోరే ప్రమేయానికి మనం 2 అని ఇస్తే దానిని 2.0గా చేస్తుంది. తక్కువ ఆర్గ్యుమెంట్లు ఇస్తే పిలువకుండానే నిరాకరిస్తుంది. శ్రేణిని ఇస్తే దాని మొదటి చిరునామాను అందిస్తుంది.

(5) మాటలకు నివాసం కల్పించడం: కొటేషన్ గుర్తుల మధ్య మనం టైపు చేసిన మాట డిబగ్గరు మెమొరీలో వున్నది. ప్రోగ్రాము దానిని చూడలేదు. కనుక డిబగ్గరు ముందుగా ప్రోగ్రాములోని "మాలోక్" అనే ప్రమేయాన్ని పిలిచి కొంత చోటును అడిగి తీసుకొని, అక్కడ ఆ మాటను వ్రాసి, ఆ చిరునామాను ఆర్గ్యుమెంటుగా పంపుతుంది. మనం ఒక్క పిలుపు అడిగాము. జరిగినవి రెండు పిలుపులు.

(6) కిటికీలలో వుంచడం: సిద్ధమైన విలువలను ఒడంబడిక ప్రకారం రిజిస్టర్లలోను, స్టాక్ మీదను వుంచుతుంది. "ప్రింట్-ఎఫ్" వలె ఆర్గ్యుమెంట్ల సంఖ్య నియతం కాని ప్రమేయమైతే, దశాంశ రిజిస్టర్లు ఎన్ని వాడబడినవో ఆ లెక్కను ఎ.ఎల్. అనే చిన్న రిజిస్టరులో చెప్పవలసిన నియమం కూడ వున్నది. పెద్ద స్ట్రక్చరును ఫలితంగా ఇచ్చే ప్రమేయమైతే, ఫలితానికి చోటు చూపే చిరునామా అదృశ్యమైన మొదటి ఆర్గ్యుమెంటుగా వెళుతుంది. సి ప్లస్ ప్లస్ భాషలో వస్తువుకు చెందిన ప్రమేయమైతే, ఆ వస్తువు చిరునామా కూడ ఇట్లే మౌనంగా ముందు నడుస్తుంది.

(7) నడిపించడం: తరువాతి ఆదేశం ఎక్కడున్నదో చెప్పే రిజిస్టరులో ప్రమేయం చిరునామాను వ్రాసి, ప్రోగ్రామును వదులుతుంది. ప్రమేయం తనను నిజంగా ఎవరో పిలిచారనుకొని పనిచేస్తుంది.

(8) ఫలితాన్ని స్వీకరించి పూర్వస్థితికి తేవడం: ప్రమేయం తిరిగివచ్చి బ్రేక్ పాయింటును తాకుతుంది. డిబగ్గరు ఫలితాన్ని దాని స్థానం నుండి చదువుకొని, మొదట భద్రపరచిన రిజిస్టర్ల విలువలను తిరిగి యథాస్థానంలో పెడుతుంది. నిలిచివున్న ప్రోగ్రాముకు నడుమ ఇంత జరిగిందన్న సంగతి తెలియనే తెలియదు.

తెలుగు మాట మీద ఒక ప్రయోగం

ఇప్పుడు స్ట్రెలెన్ ప్రమేయానికి "సిద్దిపేట" అనే మాటను ఇచ్చి చూద్దాం. కంటికి నాలుగు అక్షరాలే కనబడుతున్నవి. కాని వచ్చే జవాబు 27. ఇందులో తప్పేమీ లేదు. యూనికోడ్ పద్ధతిలో ఈ మాట స, గుడి, ద, పొల్లు గుర్తు, ద, గుడి, ప, ఏత్వం, ట అనే 9 సంకేతాలుగా వ్రాయబడుతుంది. యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు ఆక్రమిస్తుంది. తొమ్మిది మూళ్ళు ఇరవయ్యేడు. అంత్యసూచకమైన సున్నా బైటును కలుపుకొని డిబగ్గరు మాలోక్‌ను అడిగిన చోటు 28 బైట్లు.

"తెలుగు" అనే మాటకు ఇదే ప్రశ్న వేస్తే 18 వస్తుంది. "ఉర్దూ" అనే మాటను తెలుగు లిపిలో వ్రాస్తే 15 వస్తుంది. అదే మాటను ఉర్దూ లిపిలో వ్రాస్తే అలిఫ్, రే, దాల్, వావ్ అను నాలుగు అక్షరాలు. ఆ లిపిలో అక్షరానికి 2 బైట్ల చొప్పున 8 మాత్రమే వస్తుంది. ఒకే పత్రికలో రెండు లిపులు ప్రక్కప్రక్కన నడిచే మనవంటి కళాశాలలో ఈ తేడా ఊరక తెలుసుకొనే వింత కాదు. విద్యార్థి పేరుకు 20 బైట్ల చోటు చాలునని ఎవరైనా ప్రోగ్రాములో వ్రాస్తే, ఉర్దూలో నిండుగా పట్టిన పేరు తెలుగులో సగంలో తెగిపోవచ్చును. అట్లా తెగిన పేరు ధ్రువపత్రం మీదికి ఎక్కితే ఆ విద్యార్థి పడే ఇబ్బంది చెప్పనలవి కాదు.

ఇక "జ్ఞా" సంగతి. మామూలుగా వ్రాసినప్పుడు అందులో జ, పొల్లు గుర్తు, ఞ, దీర్ఘం అని 4 సంకేతాలు, అనగా 12 బైట్లు. 2018లో ఫోనులను నిలిపిన రూపంలో ఞ తరువాత, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని ఒక సంకేతం అదనంగా వున్నది. అక్షరాలు కలియకుండా చూసే ఆ సంకేతానికి వెడల్పు లేదు; ఐనా 3 బైట్లు వున్నవి. కంటితో చూస్తే రెండింటినీ వేరుపరచడం కష్టం. ప్రమేయాన్ని పిలిచి అడిగితే మాత్రం ఒకదానికి 12, మరొకదానికి 15 అని స్పష్టంగా చెబుతుంది. కన్ను చూడలేనిదానిని ప్రశ్న పట్టి ఇస్తుంది.

తప్పు జవాబు ఎట్లా పుడుతుంది?

డిబగ్గరుకు ప్రమేయం యొక్క రూపం తెలిసినంతవరకు ఇదంతా సవ్యంగా నడుస్తుంది. కాని సిద్ధంగా లభించే లైబ్రరీలలో తరచుగా డిబగ్గింగు సమాచారం వుండదు. అప్పుడు ప్రమాదం పొంచి వుంటుంది.

వర్గమూలాన్ని కనుగొనే "స్క్వర్ట్" అనే ప్రమేయాన్ని తీసుకొందాం. అది ఒక దశాంశ సంఖ్యను తీసుకొని దశాంశ సంఖ్యను ఇస్తుంది. దాని రూపం తెలియని డిబగ్గరు వద్ద మనం 2 అని పూర్ణాంకాన్ని ఇచ్చామనుకొందాం. డిబగ్గరు ఆ 2ను పూర్ణాంకాల కిటికీయైన ఆర్.డి.ఐ.లో పెడుతుంది. ప్రమేయం దశాంశాల కిటికీయైన ఎక్స్.ఎం.ఎం. 0లో చూస్తుంది. అక్కడ పూర్వపు పని తాలూకు ఏదో పాత విలువ వున్నది. దానికి వర్గమూలం కట్టి జవాబును ఎక్స్.ఎం.ఎం. 0లోనే వుంచుతుంది. డిబగ్గరు ఫలితం కూడ పూర్ణాంకమే అనుకొంటే ఆర్.ఎ.ఎక్స్.లో చూస్తుంది. ఇచ్చిన కాగితం ఒక కిటికీలో, చూసిన కిటికీ మరొకటి. జవాబు ఒక చోట, వెదకినది మరొక చోట. విచిత్రమేమనగా ఎక్కడా ఏదీ కూలిపోదు. ఏదో ఒక సంఖ్య తెర మీద వస్తుంది. అమాయకుడు దానిని నమ్ముతాడు.

పాత జి.డి.బి. రూపం తెలియని ప్రమేయాలన్నీ పూర్ణాంకాన్నే ఇస్తాయని భావించేది. ఇప్పటి జి.డి.బి. అట్లా భావించదు. "ఈ ప్రమేయం ఫలితం ఏ రూపమో నాకు తెలియదు, నీవు చెప్పు" అని నిలదీస్తుంది. లైబ్రరీలోని స్ట్రెలెన్ కూడ తరచు ఇట్టిదే కనుక పై ప్రయోగంలో ఫలితం పూర్ణాంకమని ముందుగా చెప్పవలసి రావచ్చును. ఐతే ఫలితం రూపాన్ని మాత్రమే చెబితే సరిపోదు. ఫలితం దశాంశమని చెప్పి, ఆర్గ్యుమెంటుగా 2 అని ఇస్తే, ఆ 2 ఇంకా పూర్ణాంకాల కిటికీకే పోతుంది. 2.0 అని ఇవ్వాలి. లేదా ప్రమేయం యొక్క పూర్తి రూపాన్ని, అనగా ఏమి తీసుకొంటుందో, ఏమి ఇస్తుందో రెండింటినీ చెప్పాలి.

ఇంకొక సూక్ష్మం వున్నది. సి భాషలో దశాంశ సంఖ్యలు రెండు పరిమాణాలలో వుంటాయి: 4 బైట్ల ఫ్లోటు, 8 బైట్ల డబుల్. రూపం తెలియని పాతకాలపు పద్ధతి ప్రమేయానికి ఫ్లోటును ఇస్తే, సి భాష సంప్రదాయాన్ని అనుసరించి జి.డి.బి. దానిని డబుల్‌గా విస్తరించి పంపుతుంది. ప్రమేయం నిజంగా ఫ్లోటునే కోరుతున్నదనుకొందాం. మనమిచ్చినది 1.5. డబుల్ రూపంలో 1.5 యొక్క 64 బిట్లలో సమాచారమంతా పై 32 బిట్లలోనే వున్నది. క్రింది 32 బిట్లూ సున్నాలే. ఫ్లోటును ఆశించే ప్రమేయం ఆ క్రింది 32 బిట్లనే చదువుతుంది. కనుక మనం ఒకటిన్నర పంపితే దానికి అందేది సున్నా! కిటికీ సరియైనదే, కాగితమూ సరియైనదే. చదివే తీరులో మాత్రమే భేదం వచ్చింది. ఇట్టి చిక్కు కొరకే ఆ విస్తరణను ఆపివేసే అమరిక జి.డి.బి.లో వున్నది.

పాటించవలసిన జాగ్రత్తలు

మొదటిది: డిబగ్గరు పునరుద్ధరించేది రిజిస్టర్లను మాత్రమే. పిలువబడిన ప్రమేయం మెమొరీలో చేసిన మార్పులు, ఫైలులో వ్రాసిన వ్రాతలు, తెర మీద ముద్రించిన అక్షరాలు తిరిగి రావు. మాటల కొరకు మాలోక్ ద్వారా తీసుకొన్న చోటు కూడ ప్రోగ్రాములోనే మిగిలిపోతుంది. ఫీజు బకాయిని చూపే ప్రమేయాన్ని పిలువవచ్చు. బకాయిని తగ్గించే ప్రమేయాన్ని ఊరక పిలిస్తే నిజంగానే తగ్గుతుంది. సాక్షిని ప్రశ్నించవచ్చును గాని, ప్రశ్నతోనే సాక్ష్యాన్ని మార్చరాదు.

రెండవది: ప్రోగ్రాము ఎక్కడ నిలిచి వున్నదో గమనించాలి. మెమొరీని పంచే మాలోక్ సగం పనిలో వుండగా, తలుపుకు తాళం వేసి వున్న సమయంలో మనం ప్రోగ్రామును ఆపి, తిరిగి మెమొరీని కోరే మరొక ప్రమేయాన్ని పిలిచామనుకొందాం. క్రొత్త పిలుపు తాళం తెరుచుకొనేవరకు వేచి వుంటుంది. తాళం వేసినవాడు క్రొత్త పిలుపు ముగిసేవరకు కదలలేడు. ఇద్దరూ శాశ్వతంగా నిలిచిపోతారు.

మూడవది: పిలువబడిన ప్రమేయమే నడుమ కూలిపోతే, లేక మరొక బ్రేక్ పాయింటును తాకితే, డిబగ్గరు అక్కడనే ఆగుతుంది. స్టాక్ మీద డిబగ్గరు నిర్మించిన కృత్రిమ పిలుపు అట్లే మిగిలి వుంటుంది. కూలిన పక్షంలో తానే వెనుకకు మరలి పూర్వస్థితికి రావలెనని ముందుగా ఆజ్ఞాపించే అమరిక కూడ కలదు.

నాలుగవది: అనేక త్రెడ్లు గల ప్రోగ్రాములో, మనం ఒక ప్రమేయాన్ని పిలిచినప్పుడు మిగిలిన త్రెడ్లు కూడ ఆ కాస్త సమయం కదులుతాయి. వాటిని కదలనీయరాదనుకొంటే ఆ విధంగా ముందే ఏర్పాటు చేసుకొనాలి.

ఐదవది: ఇప్పటికే చనిపోయిన ప్రోగ్రాము విడిచిన మెమొరీ చిత్రాన్ని చదువవచ్చును గాని, దానిలోని ప్రమేయాలను పిలువలేము. శవం సాక్ష్యం చెప్పదు. అట్లే వేగం కొరకు కంపైలరు పూర్తిగా ఇతర ప్రమేయాలలో కలిపివేసిన చిన్న ప్రమేయానికి స్వంత చిరునామా వుండదు. దానిని కూడ పిలువలేము.

విద్యార్థులకు ఒక అభ్యాసం

లినక్స్ వున్న ఏ సామాన్యమైన కంప్యూటరు మీదనైనా దీనిని స్వయంగా చేసి చూడవచ్చు. ఆరు మార్కులను కూడే ప్రమేయం గల పది పంక్తుల సి ప్రోగ్రామును వ్రాయండి. డిబగ్గింగు సమాచారం చేర్చమనే "మైనస్ జి" గుర్తుతో, వేగపు సవరణలు లేకుండా కంపైలు చేయండి. జి.డి.బి.లో ప్రధాన ప్రమేయం వద్ద నిలిపి, మీ ప్రమేయం లోపల కూడ ఒక బ్రేక్ పాయింటు పెట్టి, ఆరు వేర్వేరు సంఖ్యలతో దానిని పిలువండి. పిలుపు లోపల ఆగినప్పుడు స్టాక్ వరుసను అడగండి, మీ ప్రమేయానికి క్రింద "జి.డి.బి. నుండి పిలువబడినది" అనే అర్థంగల ఒక పంక్తి కనబడుతుంది. అదే పైన చెప్పిన కృత్రిమ పిలుపు. ప్రమేయపు మొట్టమొదటి ఆదేశం వద్దనే ఆపి రిజిస్టర్లను చూస్తే మీరిచ్చిన ఆరు సంఖ్యలు ఆరు కిటికీలలో వరుసగా కొలువుదీరి వుంటాయి. ఆ దృశ్యాన్ని ఒకసారి చూసినవానికి, పుస్తకంలో పది పుటలు చదివినా రాని అవగాహన కలుగుతుంది.

ముగింపు

మన విద్యార్థులలో అనేకులు ప్రోగ్రామింగును పరీక్ష కొరకు కంఠస్థం చేస్తున్నారు. ప్రోగ్రాము ఆగిపోతే పంక్తికొక ముద్రణాదేశాన్ని చేర్చి అదృష్టాన్ని పరీక్షించుకొంటున్నారు. అది కొంతవరకు ఉపయోగకరమే. కాని నిలిపి, సరియైన ప్రశ్నను సరియైన రూపంలో అడిగి, వచ్చిన జవాబు నమ్మదగినదా కాదా అని తూచగలగడమే నిజమైన విద్య. ప్రశ్నలో రూపం తప్పితే యంత్రం అబద్ధమాడదు. మనమడగని ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబుతుంది. ఆ జవాబును మన ప్రశ్నకు జవాబని భ్రమపడడమే అసలు ప్రమాదం.

"జ్ఞా" ఉదంతం మరొక పాఠాన్ని కూడ నేర్పుతున్నది. మన లిపులలోని సంయుక్తాక్షరాల పోకడ, గుణింతాల కూర్పు, కనబడని సంకేతాల ప్రభావం మాతృభాషగా చదివినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. తెలుగు, ఉర్దూ లిపులను ఎరిగినవారు యంత్రపు లోపలి మర్మాలను కూడ ఎరిగితే, రాబోయే కాలంలో ఇట్టి దోషాలను కోట్లాది ఫోనులు ఆగిపోకముందే పట్టగలరు. ఆ పనికి మహానగరాలే కావాలని లేదు. సిద్దిపేటలోని ఒక ప్రయోగశాల, ఒక పాత కంప్యూటరు, ఉచితంగా లభించే ఒక డిబగ్గరు, అడగాలనే జిజ్ఞాస వుంటే చాలును. కళాశాల కార్యవర్గం వారు ప్రయోగశాల పాఠ్యక్రమంలో వారానికి ఒక్క గంట ఈ అభ్యాసానికి కేటాయించినచో, మన విద్యార్థులకు అది చిరకాలం ఉపకరించగలదు.